పిట్టల కబురు ఇంటింటికీ చేర్చిన డాక్టర్ సలీం అలీ

అడవిని, అడవిలోని ప్రాణులను కాపాడటానికి ప్రభుత్వం చట్టం చేస్తుంది, గార్డులను పెడుతుంది, అవసరమైన చోట కంచె వేస్తుంది. ఇవన్నీ కావలసినవే. కాని చట్టం పుస్తకంలో ఉంటుంది, పిట్ట చెట్టుమీద ఉంటుంది. ఆ చెట్టు కింద మనిషి ఉంటాడు. ఆ మనిషికి పిట్ట పేరు తెలియాలి. అది ఏం తింటుందో, ఎక్కడ గుడ్లు పెడుతుందో, దానివల్ల తనకేమి మేలో తెలియాలి. తెలియకపోతే ఎంత మంచి చట్టమైనా బీరువాలోనే ఉండిపోతుంది. ఈ సంగతిని బాగా గ్రహించి, అరవై ఏళ్లపాటు ఓపికగా జనానికి చెబుతూ వచ్చిన పెద్దమనిషి డాక్టర్ సలీం అలీ.

ఆయన పేరు మన పిల్లలు జనరల్ నాలెడ్జిలో ఒక ప్రశ్నగా చదువుతారు. ప్రఖ్యాత పక్షి శాస్త్రజ్ఞుడు ఎవరు అంటే సలీం అలీ అని రాసి ఒక మార్కు తెచ్చుకుంటారు. అంతటితో సరి. ఆ పేరు వెనుక ఉన్న జీవితం మాత్రం చాలా ఇళ్లల్లో తెలియదు. మన సొసైటీ సభ్యులు, వారి పిల్లలు కాస్త తీరికగా చదువుకుంటారని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

యతీమ్ పిల్లవాడు

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలోని ఖేత్వాడీలో ఒక సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టాడు. తోబుట్టువులందరిలోకి కడగొట్టువాడు. ఏడాది నిండేసరికి తండ్రి పోయాడు. మూడేళ్ల వయసులో తల్లి జీనతున్నిసా కూడా పోయింది. ఇంతమంది యతీమ్ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్‌జీ తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయనకు, ఆయన భార్య హమీదా బేగంకు సంతానం లేదు. ఈ మామూ, ముమానీల నీడలోనే సలీం పెరిగాడు. స్వాతంత్ర్య సమరంలో గాంధీజీ వెంట నడిచిన అబ్బాస్ తయ్యబ్‌జీ కూడా ఈ ఖాందాన్‌కు చెందినవారే, సలీంకు మామ వరస.

అమీరుద్దీన్‌గారికి వేట అంటే షౌక్. ఆ కాలంలో ఆస్తిపాస్తులున్న ఇళ్లల్లో వేట తెలియని మగపిల్లవాడు అరుదు. పదేళ్ల పిల్లవానికి ఆట తుపాకి ఒకటి కొనిచ్చారు. దానితో ఇంటి చుట్టుపట్ల పిచ్చుకలను కొట్టడం సలీం పని. అలా ఒకనాడు కొట్టిన పిచ్చుక గొంతు దగ్గర పసుపుపచ్చని మచ్చ కనిపించింది. ఇది మామూలు ఊరపిచ్చుక కాదే, మరి ఇదేమిటి అనే సందేహం పుట్టింది. మామూకు తెలియలేదు. ఆయన పిల్లవానిని కసరలేదు, పారేయమనలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దొరగారికి చీటీ రాసిచ్చి పంపాడు. ఈ సొసైటీ 1883లో ఏర్పడింది. మన దేశపు జంతువులు, పక్షులు, చెట్లను గూర్చి పరిశోధించే సంస్థ.

పొట్లంలో చచ్చిన పిచ్చుకను పెట్టుకుని ఒక నల్లపిల్లవాడు దొరల ఆఫీసు గడప ఎక్కడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కాని మిల్లార్డ్ పనులన్నీ పక్కనపెట్టి ఆ పిట్ట ఏదో చెప్పాడు. అది పసుపు గొంతు పిచ్చుక. అంతటితో వదలక సొరుగులు ఒక్కొక్కటే లాగి, లోపల సర్దిపెట్టిన దేశపు పక్షులన్నిటినీ చూపించాడు. చదువుకోమని పుస్తకాలు అరువిచ్చాడు. పక్షుల తోలు ఒలిచి భద్రపరిచే పద్ధతి నేర్పించాడు. తెలిసినవాడు తెలియనివానికి, అందులోనూ ఒక పిల్లవానికి, విసుక్కోకుండా ఒక పూట చెప్పడంవల్ల ఎంత మేలు జరుగుతుందో చూడండి. పెద్దయ్యాక సలీం అలీ జీవితాంతం చేసింది కూడా ఇదే పని. ఆ సొరుగులను దేశం మొత్తానికి తెరిచి చూపించాడు.

చదువులో వెనుక, చెట్టు కింద ముందు

బడి చదువు అంత సజావుగా సాగలేదు. పదమూడేళ్ల వయసులో తలనొప్పి పట్టుకుంది. తరచు బడి మానవలసి వచ్చింది. గాలి మార్పు కోసం సింధుకు పంపారు. 1913లో బొంబాయి మెట్రిక్ అతికష్టం మీద గట్టెక్కాడు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరాడు గాని లెక్కలు కొరుకుడు పడలేదు. చదువు వదిలి బర్మాలోని తవోయ్‌కి వెళ్లాడు. అక్కడ కుటుంబానికి వుల్‌ఫ్రం అనే ఖనిజం గనుల వ్యాపారం, కలప వ్యాపారం ఉండేవి. వ్యాపారం సంగతి ఎలా ఉన్నా, చుట్టూ ఉన్న అడవి ఆయనకు మంచి బడి అయింది.

1917లో తిరిగివచ్చి దావర్ కాలేజీలో కామర్సు చదువుతూనే, జేవియర్స్‌లో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం కూడా నేర్చుకున్నాడు. 1918 డిసెంబరులో దూరపు బంధువుల అమ్మాయి తెహ్మీనాతో పెళ్లయింది. ఆమె ఇంగ్లండులో చదువుకున్నది. పట్నవాసపు సుఖాలకు అలవాటు పడినది. అయినా భర్త షౌక్ ఎటువంటిదో తెలుసుకుని, ఆయన వెంట అడవులు, డేరాలు తిరగడానికి సిద్ధపడింది.

యూనివర్సిటీ డిగ్రీ లేదు కనుక జూలాజికల్ సర్వేలో పక్షి శాస్త్రజ్ఞుని ఉద్యోగం ఆయనకు దక్కలేదు. తరువాత మూడు విశ్వవిద్యాలయాలు పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చిన మనిషికి తొలి రోజుల్లో ఒక డిగ్రీ కాగితం అడ్డం వచ్చింది. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో కొత్తగా తెరిచిన ప్రకృతి విభాగంలో గైడ్ లెక్చరర్‌గా చేరాడు. నెలకు 350 రూపాయల జీతం. వచ్చేపోయే జనానికి, బడిపిల్లలకు గాజుపెట్టెల్లోని పక్షులను, జంతువులను చూపించి వాటి సంగతులు చెప్పడం ఆ ఉద్యోగం.

ఈ ఉద్యోగం చిన్నదే. కాని ఆయన తరువాతి జీవితానికి పునాది ఇక్కడే పడిందని నాకనిపిస్తుంది. పాఠం చెప్పేవారికి తెలుసు, ఎదురుగా ఉన్నవాని ముఖం చూస్తూ చెబితే తప్ప మన మాట ఎక్కడ అర్థమవుతున్నదీ ఎక్కడ కావటం లేదూ బోధపడదు. శాస్త్రజ్ఞులు చాలామంది శాస్త్రజ్ఞుల కోసమే రాస్తారు. సలీం అలీ మాత్రం ముందు మామూలు జనం ఎదుట నిలబడి మాట్లాడటం నేర్చుకున్నాడు.

గిజిగాని ఇంటి గుట్టు

1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్లి బెర్లిన్‌లో ప్రొఫెసర్ స్ట్రెసెమన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నాడు. పక్షుల కాలికి గుర్తు ఉంగరాలు తొడిగి వాటి రాకపోకలు కనిపెట్టే పద్ధతి అక్కడే చూశాడు. 1930లో ఎంతో ఆశతో తిరిగివస్తే, డబ్బు లేదని మ్యూజియంవారు ఆ ఉద్యోగమే ఎత్తివేశారు. నెత్తిన సంసారం, చేతిలో పని లేదు. భార్యాభర్తలు బొంబాయికి దగ్గరలో సముద్రపొడ్డున ఉన్న కిహిం అనే పల్లెకు మకాం మార్చారు.

ఆ ఇంటి దగ్గర చెట్టుకు గిజిగాళ్లు గూళ్లు కట్టుకుంటున్నాయి. ఉర్దూలో దీనినే బయా అంటాం. మన పల్లెల్లో బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకు, ఈతమట్టలకు వేలాడే ఆ పొడుగు గూళ్లు చూడనివారు లేరు. మనం రోజూ చూసే ఆ గూళ్లనే సలీం అలీ గంటల తరబడి, నెలల తరబడి కనిపెట్టి చూశాడు. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపిట్టలు వచ్చి లోపలా బయటా పరీక్ష చేసి, నచ్చితేనే అక్కడ నిలుస్తాయి. నచ్చకపోతే ఎగిరిపోతాయి. ఒక ఆడపిట్ట కుదురుకున్నాక మగపిట్ట ఆ గూటిని పూర్తిచేసి, మరొక గూడు అల్లటం మొదలుపెట్టి, ఇంకొక ఆడపిట్టను పిలుస్తుంది. ఈ గుట్టు అంతా ఆయన వివరంగా రాసి అచ్చు వేయించాడు. ఉద్యోగం పోయిన ఆ రోజుల్లో చేసిన ఈ పనే ఆయనకు మొదటి గొప్ప పేరు తెచ్చింది.

నిజాం రాజ్యంలో

ఆ తరువాత సంస్థానాలలో పక్షుల లెక్క తీసే పని పెట్టుకున్నాడు. జీతం వద్దు, ప్రయాణం ఖర్చులు, డేరా ఖర్చులు భరిస్తే చాలునని ఒప్పుకున్నాడు. మొదట చేసింది మన హైదరాబాదు సంస్థానమే. 1931-32 సంవత్సరాల్లో తెహ్మీనాను వెంటబెట్టుకుని రాజ్యంలోని అడవులు తిరిగాడు. చెంచులు ఉండే నల్లమల కొండల్లోని మన్ననూరు, ఫరహాబాద్ వైపు కూడా మకాం వేశాడు. ఆ వివరాలు 1933-34లో సొసైటీ పత్రికలో వరుసగా వచ్చాయి. తెలంగాణ పక్షులను గూర్చి పని చేసేవారు నేటికీ ఆ లెక్కనే ముందు పెట్టుకుని, అప్పుడున్నవి ఇప్పుడున్నాయా లేదా అని పోల్చుకుంటారు. కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియర్, ఇందూరు, భోపాల్ సంస్థానాలలో కూడా ఆయన ఇదే పని చేశాడు.

1939లో చిన్న ఆపరేషన్ తరువాత తెహ్మీనా కన్నుమూసింది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అక్క కమూ, బావ హసన్ ఇంట్లో ఒక గది తీసుకుని మిగిలిన జీవితమంతా వారితోనే గడిపాడు. తోడు పోయిన ఆ దుఃఖంలోనే రెండేళ్లకు ఆయన పుస్తకం బయటికి వచ్చింది.

పిచ్చుకంత, కాకంత, గద్దంత

1941లో వచ్చిన ఆ పుస్తకం పేరు ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్. అప్పటిదాకా మన పక్షుల గూర్చి ఉన్న గ్రంథాలు చాలావరకు లావుపాటివి, దొరలు దొరల కోసం రాసుకున్నవి. ఈ పుస్తకం చేతిసంచిలో పట్టేది. రంగు బొమ్మలున్నవి. పక్షి ఎంత పెద్దదో అంగుళాల లెక్కతో బెదరగొట్టకుండా పిచ్చుకంత, బుల్‌బుల్ అంత, గోరింకంత, కాకంత, గద్దంత అని పోల్చి చెప్పాడు. తోక పొడుగు, ముక్కు వంపు, ఒంటి రంగును బట్టి పిట్టను ఎలా పోల్చుకోవాలో చూపించాడు. ఏం తింటుంది, ఎక్కడ తిరుగుతుంది, ఏ నెలలో గూడు పెడుతుంది, కూత ఎలా ఉంటుంది, ఇవన్నీ ఒక్కొక్క పేజీలో సర్దాడు. చదవటం వచ్చిన ఎవరైనా పుస్తకం పట్టుకుని పెరట్లోకి వెళ్లి పిట్టను గుర్తుపట్టవచ్చు. పండితులకు మాత్రమే దక్కిన విద్య ఇలా మామూలు మనిషి చేతికి వచ్చింది.

ఈ పుస్తకం ఎక్కడెక్కడికి వెళ్లిందో చూడండి. డెహ్రాడూన్ జైల్లో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ, కూతురు ఇందిరకు ఒక ప్రతి పంపించాడు. దానివల్ల ఆ అమ్మాయికి పిట్టలంటే ఇష్టం కలిగింది. ముప్పై, నలభై ఏళ్ల తరువాత ఆమె ప్రధానమంత్రి హోదాలో అడవుల గూర్చి సంతకాలు పెట్టేటప్పుడు ఆ ఇష్టం పనికి వచ్చింది. ఒక పుస్తకం ఎప్పుడు, ఎవరి చేతిలో ఫలిస్తుందో రాసినవారికి కూడా తెలియదు.

చదవని వారికి, కొనలేని వారికి రేడియో ఉంది. 1941 నుండి 1985 వరకు ఆయన ఆలిండియా రేడియోలో అప్పుడప్పుడు పక్షుల గూర్చి ప్రసంగాలు చేస్తూ వచ్చాడు. పైర్లను తినే పురుగులను పిట్టలు ఎలా ఏరుకుతింటాయో, పూలలో పుప్పొడి ఎలా మోస్తాయో, గింజలను ఎలా వెదజల్లి అడవిని పెంచుతాయో ఇంటివాళ్లతో మాట్లాడినట్టు చెప్పాడు. పిట్టలను చూసి జాలిపడమని ఆయన అడగలేదు. వాటివల్ల రైతుకు, దేశానికి ఏమి లాభమో లెక్క చెప్పాడు. అందం, ఆనందం ఆ లెక్క తరువాత చెప్పేవాడు. ఆ ప్రసంగాలను తారా గాంధీ ఏర్చికూర్చి 2021లో ఒక పుస్తకంగా తెచ్చారు. మేనకోడలు లయీఖ్ ఫతేహలీతో కలిసి పిల్లలకు, సామాన్యులకు అందేలా రాసిన చిన్న పుస్తకాన్ని నేషనల్ బుక్ ట్రస్టు 1967లో అచ్చు వేసింది. లయీఖ్‌గారి భర్త జఫర్ ఫతేహలీ 1960లో పక్షులను చూసేవారి కోసం ఒక చిన్న పత్రిక మొదలుపెట్టారు. ఊరూరా ఉన్న పిట్టల ప్రేమికులు తాము చూసిన సంగతులు దానికి రాసేవారు.

ఇదంతా చదివి ఆయన ఎప్పుడూ బల్లముందు కూర్చునే మనిషి అనుకోకండి. మోటార్ సైకిళ్ల పిచ్చి ఉండేది. 1950లో స్వీడన్‌లోని ఉప్సలాలో జరిగిన పక్షి శాస్త్రజ్ఞుల మహాసభకు, 53 ఏళ్ల వయసులో, తన సన్‌బీమ్ బండిని ఓడ మీద తీసుకెళ్లి యూరపు రోడ్ల మీద నడుపుకుంటూ పోయాడు.

కాలి ఉంగరం, ప్రధానికి ఉత్తరం

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ అనే చిత్తడి చెరువు ఉంది. అది మహారాజావారి బాతులవేట స్థలం. 1938 నవంబరు 12న, సరిగ్గా సలీం అలీ పుట్టినరోజునాడు, వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఆ ఒక్క రోజులోనే 4,273 పక్షులను కాల్చారు. స్వాతంత్ర్యం వచ్చాక, చెరువు ఎండబెట్టి భూమి పంచాలని చుట్టుపక్కలవారు పట్టుబట్టారు. భూమి లేనివాడు భూమి అడగటంలో తప్పేముంది? సలీం అలీ సంగతంతా నెహ్రూకు వివరించి, చెరువు చెరువుగానే ఉండేట్టు చూశాడు. 1956లో అది పక్షుల రక్షితస్థలం అయింది.

అక్కడే పక్షుల కాళ్లకు అల్యూమినియం ఉంగరాలు తొడిగే పని పెద్ద ఎత్తున సాగింది. 1957లో కర్ణాటకలో క్యాసనూరు అడవి జ్వరం వచ్చినప్పుడు, ఆ రోగం వలస పక్షులవల్ల వచ్చిందేమోనని అనుమానం కలిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1959 నుండి వేలాది పక్షులకు ఉంగరాలు తొడిగారు. ప్రతి ఉంగరం మీద ఒక నంబరు, దొరికితే బొంబాయి సొసైటీకి తెలియజేయమని అడ్రసు ఉంటుంది. ఎక్కడో సైబీరియాలో బాతును పట్టినవాడు ఆ ఉంగరం చూసి కబురు పంపితే, భరత్‌పూర్ బాతు ఎంత దూరం పోయిందో ఇక్కడ తెలిసేది. ముక్కూ ముఖం తెలియని వేటగానికి కూడా ఈ పనిలో ఒక పాత్ర ఇచ్చింది ఆ చిన్న ఉంగరం.

ఉత్తరాలు రాయటంలో ఆయన అలుపెరుగని మనిషి. స్వాతంత్ర్యం తరువాత బొంబాయి సొసైటీ డబ్బులేక మూతపడే స్థితి వస్తే నెహ్రూకు రాసి నిలబెట్టాడు. 1960 ప్రాంతాల్లో జాతీయపక్షిని ఎన్నుకునే చర్చ జరిగినప్పుడు, బట్టమేకపిట్టను ఎన్నుకుంటే ఆ వంకనైనా దానికి రక్షణ దొరుకుతుందని వాదించాడు. 1963లో నెమలి జాతీయపక్షి అయింది. ఆ వాదం ఓడినా బట్టమేక పేరు దేశానికి తెలిసింది. 1988లో కర్నూలు జిల్లా రొల్లపాడు దగ్గర ఆ పక్షి కోసమే రక్షితస్థలం ఏర్పడింది. ఐతే నేడు దేశం మొత్తం మీద ఆ పక్షులు రెండు వందలకు మించవని అంచనా. కబురు కాస్త ఆలస్యంగా చేరితే ఎలా ఉంటుందో దానిని చూస్తే తెలుస్తుంది. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే ఆనకట్ట వద్దని గొంతెత్తిన పెద్దల్లో కూడా ఆయన ఉన్నాడు. 1984లో ఆ అడవి జాతీయపార్కు అయింది.

అమెరికా శాస్త్రజ్ఞుడు డిలన్ రిప్లీతో కలిసి 1968 నుండి 1974 దాకా పది సంపుటాల మహాగ్రంథం పూర్తి చేశాడు. అప్పటికి ఆయనకు 78 ఏళ్లు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. అలీగఢ్, ఢిల్లీ విశ్వవిద్యాలయాల తరువాత 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అంతర్జాతీయ గెట్టీ బహుమతిగా వచ్చిన యాభైవేల డాలర్లతో ప్రకృతి రక్షణకు నిధి ఏర్పాటు చేశాడు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యాడు.

చెప్పకుండా పెట్టిన హుకుం

పెద్దల జీవితం రాసేటప్పుడు మంచి మాత్రమే రాసి ఊరుకోవటం మనకు అలవాటు. కాని ఈ జీవితంలో ఒక చేదు అధ్యాయం ఉంది. పిల్లలకు అది కూడా తెలియటం న్యాయం.

భరత్‌పూర్ చెరువులో చుట్టుపక్కల పల్లెల గేదెలు తరతరాలుగా మేసేవి. గేదెలవల్ల పక్షులకు నష్టమని, వాటిని ఆపాలని సలీం అలీతో సహా నిపుణులు సలహా ఇచ్చారు. 1982లో అది జాతీయపార్కు కావటంతో మేత బంద్ అయింది. పల్లెవారికి ముందుగా నచ్చజెప్పింది లేదు, బదులు మేత చూపించింది లేదు. గొడవ జరిగింది. పోలీసు కాల్పుల్లో కొందరు గ్రామస్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తరువాత బొంబాయి సొసైటీ శాస్త్రజ్ఞులే ఏళ్ల తరబడి పరిశీలించి తేల్చిన సంగతి ఏమిటంటే, గేదెలు మేయకపోవటంవల్ల గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కప్పేసింది, నీటిపక్షులకు చోటు తగ్గింది. అంటే గేదె కూడా ఆ చెరువుకు కాపలాదారే అన్నమాట. గేదెలు కాచేవానిని ఒక్కమాట అడిగితే ఈ ముక్క ముందే తెలిసేదేమో. 1985లో ఆ పార్కు ప్రపంచ వారసత్వ స్థలమైంది. చలికాలంలో వచ్చే సైబీరియా కొంగలు మాత్రం 2002 తరువాత అక్కడికి రాలేదు. ఆ కొంగలు వచ్చే దారిలోని దేశాల్లో వేట కూడా దానికి ఒక కారణం.

కలివికోడి కథ

దీనికి పూర్తి విరుద్ధమైన కథ మన కడప జిల్లాలో జరిగింది. కలివికోడి అనే రాత్రి తిరిగే పక్షిని 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవారు నెల్లూరులో సర్జనుగా పనిచేసిన జెర్డాన్. ఆయన పేరుతోనే ఇంగ్లీషులో దానికి పేరు వచ్చింది. 1900 తరువాత ఎవరికీ కనపడలేదు. ఇక లేదని, అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు.

సలీం అలీ పెద్దగా ఉన్న బొంబాయి సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువ శాస్త్రజ్ఞుడు 1980 తరువాత ఆ కొండల్లో వెదికాడు. ఆయన హుకుం జారీ చేయలేదు. పక్షి బొమ్మ పట్టుకుని పల్లెల్లో తిరిగి రైతులకు, గొర్లకాపరులకు, పిట్టలు పట్టేవారికి చూపించి అడిగాడు. కలివిపొదల్లో తిరిగే ఆ కోడి వారికి తెలుసు. 1986 జనవరిలో సిద్ధవటం సమీపంలోని రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వేసి దానిని పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్లుగా పుస్తకాల్లో చచ్చిపోయిన పక్షి ఒక నిరుపేద వేటగాని చేతిలో బతికి కనిపించింది. సలీం అలీకి అప్పుడు 89 ఏళ్లు. బతికుండగానే ఆ కబురు విన్నాడు.

తరువాత లంకమల అడవి రక్షితస్థలమైంది. తెలుగుగంగ కాలువను కూడా ఆ పక్షి ఉండే చోటుకు తగలకుండా మళ్లించారు. మళ్లీ చాలా ఏళ్లు దాని జాడ దొరకని పరిస్థితి వచ్చిన మాట నిజమే. కాని శాస్త్రం పోగొట్టుకున్నదాన్ని పల్లె మనిషి చూపించాడనే సంగతి మాత్రం నిలిచిపోయింది. భరత్‌పూర్‌లో పల్లెను అడగకుండా పని చేశారు. కడపలో పల్లెను అడిగి పని చేశారు. ఈ రెండింటి తేడా ఆలోచించవలసింది.

మన ఇళ్లల్లో

1987 జూన్ 20వ తేదీన బొంబాయిలో, తొంభై ఏళ్ల వయసులో, చాలాకాలం జబ్బుతో పోరాడి సలీం అలీ కన్నుమూశాడు. 1990లో కోయంబత్తూరులో ఆయన పేరుమీద పక్షుల పరిశోధనా కేంద్రం నెలకొంది.

ఆయన పని చాలావరకు ఇంగ్లీషులోనే సాగింది. ఆ కాలంలో అది తప్పనిసరి. కాని పిట్టను కాపాడేవాడు, పట్టేవాడు, పంటమీద మందు కొట్టేవాడు మాట్లాడేది తెలుగు, ఉర్దూ. మా క్లాసులో పిల్లలను అడిగితే కనిపించిన ప్రతిదానికీ చిడియా అనే చెబుతారు. హుద్‌హుద్ పేరు వినని ముస్లిం ఇల్లు ఉండదు. కాని తలమీద విసనకర్రలాంటి కుచ్చుతో మైదానంలో నేల పొడుచుకుంటూ తిరిగే ఆ పిట్టను చూపించి ఇదేమిటంటే పిల్లలు ముఖాలు చూసుకుంటారు. అమ్మమ్మ బయా అంటుంది, పక్కింటి అవ్వ గిజిగాడు అంటుంది. రెండూ ఒకటేనని మనవడికి చెప్పేవారు లేరు. నీల్‌కంఠ్ అన్నా పాలపిట్ట అన్నా ఒకటేనని, అది తెలంగాణ రాష్ట్రపక్షి అని చెబితే ఆశ్చర్యపోతారు.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. మీ పిల్లవాడు ఏదైనా పిట్టను చూసి ఇదేమిటని అడిగితే విసుక్కోకండి. తెలిస్తే తెలుగు పేరు, ఉర్దూ పేరు రెండూ చెప్పండి. తెలియకపోతే తెలిసినవారి దగ్గరకు పంపండి. అమీరుద్దీన్ మామూ చేసింది అంతే. ఆయనకు ఆ పిచ్చుక పేరు తెలియదు, ఎవరిని అడగాలో తెలుసు. లెక్కల్లో తప్పిన పిల్లవాడని, యతీమ్ పిల్లవాడని ఆయన అతన్ని తక్కువ చేయలేదు.

మన సొసైటీ లైబ్రరీలో సలీం అలీ పుస్తకం ఒకటి కొని పెట్టించాలని కార్యవర్గానికి విన్నవించుకుంటున్నాను. దాని పక్కన ఒక నోటుబుక్కు కూడా పెడితే, పిల్లలు తాము చూసిన పిట్ట పేరు రెండు భాషల్లో, చూసిన తేదీ, చోటుతో సహా అందులో రాసుకుంటారు. వచ్చే సంవత్సరం ఈ సావనీరు వేసే నాటికి అందులో ఎన్ని పేర్లు చేరాయో లెక్క చూసుకోవచ్చు.